పాత సేవ్‌కు వెనక్కి వెళ్ళకుండా ఆర్‌పీజీలు ఆడేవారు ఎవరైనా ఉన్నారా?

విత్తనాలంగడి (కర్నూలు)
శనివారం, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో విత్తనాలు, ఎరువుల అంగడి నడుపుతున్నాను. రాత్రి తొమ్మిదికి షట్టరు దించి, ఇంటికి పోయి భోంచేసి, పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు, ఆదివారమైతే గంటన్నర, కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ఆ కాస్త సమయంలో రోల్ ప్లేయింగ్ ఆటలు (ఆర్‌పీజీలు), అంటే మనమే ఒక పాత్రగా మారి కథ నడిపేవి, తప్ప వేరేవి ఆడను. పరుగులు, కాల్పులు ఉండే ఆటల్లో వేళ్ళ వేగం ముఖ్యం. నాకు కావలసింది ఒక ఊరు, ఆ ఊళ్ళో తమ కష్టం చెప్పుకునే కొందరు మనుషులు, వాళ్ళకు ఏం బదులివ్వాలో ఆలోచించుకునే తీరిక.

ప్రస్తుతం ది విచర్ 3 ఆడుతున్నాను. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో విడుదల చేసిన ఆట ఇది. ప్రధాన కథకే యాభై గంటల దాకా పడుతుంది కనుక నా రోజువారీ లెక్కన రెండు నెలలకు పైగా పని. ఇంకా ఆడనివారు కింది పేరా వదిలేయండి, కథ బయటపడుతుంది.

వెలెన్ అనే చిత్తడి నేలల ప్రాంతంలో, ఒక గుట్ట కింద చెట్టు వేళ్ళ మధ్య బందీగా ఉన్న ఆత్మ, తనను విడిపిస్తే అక్కడి అనాథ పిల్లలను కాపాడతానని మాట ఇస్తుంది. దాన్ని విడిపించవచ్చు, చంపవచ్చు. విడిపిస్తే పిల్లలు బతుకుతారు, కానీ పక్కనున్న ఊరు నాశనమవుతుంది, ఎక్కడో కోటలో ఉన్న ఒక దొర భార్య శాపానికి బలి అవుతుంది, ఆమె వెనకే ఆ దొర కూడా దక్కడు. చంపితే ఆ దొర బతికి, మతి చలించిన భార్యను వైద్యానికి తీసుకుపోతాడు, పిల్లలు మాత్రం మళ్ళీ కనబడరు. నేను విడిపించాను. అది తప్పో ఒప్పో ఆ క్షణంలో తెలియదు. ఫలితం నా కంటబడింది నాలుగు రాత్రుల తరువాత. వెంటనే పాత సేవ్ ఫైల్, అంటే ఆటను అంతకుముందు దాచి ఉంచుకున్న చోటు, వెతికాను, దొరికింది కూడా, దాని మీద వేలు పెట్టి ఆగిపోయాను.

ఆగడానికి కారణం ఆ మధ్యాహ్నం అంగడిలో జరిగిన సంగతి. కోడుమూరు వైపు నుంచి ఒక పెద్దాయన తువాలు కొసలో పత్తికాయ ఒకటి మూటకట్టుకొని వచ్చారు. "నాయనా, ఈ కాయ చూడు, ఈ ఏడు కూడా..." అని మొదలుపెట్టగానే నేను కాయ అందుకొని చీల్చి, లోపల గులాబీ రంగు పురుగు చూసి, మందు పేరు, ట్యాంకుకు ఎంత కలపాలో, ఎకరాకు ఎన్ని ట్యాంకులో గడగడా చెప్పేశాను. ఆయన నా ముఖం వైపు కొద్దిసేపు చూసి, చీలిన కాయను మళ్ళీ తువాలు కొసలో ముడివేసుకొని, "సరేలే నాయనా" అని వెళ్ళిపోయారు. సాయంత్రం వాళ్ళ ఊరి మనిషి ఒకరు చెబితే తెలిసింది, ఆయన మందు కోసం రాలేదట. పోయిన ఏటి బాకీ సంక్రాంతి దాకా ఆపమని అడగడానికి వచ్చారట. పురుగు పట్టిన కాయ ఆ మాట ఎత్తడానికి తెచ్చుకున్న ఆసరా. ఆయన మళ్ళీ మా అంగడి మెట్టెక్కలేదు.

ఆటలో కూడా నేను అదే చేస్తున్నానని ఆ రాత్రి గమనించాను. ఎదుటి పాత్ర మాట్లాడుతుండగానే బటన్ నొక్కి మాటలు దాటించి, చివర వచ్చే ఎంపికల దగ్గరికి పరుగెత్తుతున్నాను. అప్పటినుంచి రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా బటన్ ముట్టను, చెప్పిన బదులు వెనక్కి తీసుకోవడానికి పాత సేవ్ తెరవను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అవ్వ అనేది. ఆట కూడా ఆ పద్ధతిలోనే ఆడితే నాకు మేలు జరుగుతుందని నమ్ముతున్నాను. మీలో ఇలా ఆడేవారు ఉన్నారా? మీ అభిప్రాయం ఏమిటి?


గడియారస్తంభం (అనంతపురం)
శనివారం, రాత్రి 11:52

అన్నగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మాటలు దాటించకూడదన్న మొదటి కట్టుబాటుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండోదానితో కాదు.

వెనక్కి వెళ్ళడం అంతా ఒకే రకం కాదని నా అభిప్రాయం. బాల్డర్స్ గేట్ 3 తీసుకోండి. బెల్జియం వాళ్ళ లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో తెచ్చిన ఆట. అందులో ఒకరిని ఒప్పించాలన్నా, బెదిరించాలన్నా తెరమీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. ఒకటి పడితే మీ నైపుణ్యం ఎంతైనా ఓటమే, ఇరవై పడితే ఎంత కష్టమైన పనైనా గెలుపే. అక్కడ మనం సరైన మాటనే ఎంచుకొని ఉంటాం, పాచిక తిరగబడి ఉంటుంది. పాచిక చెడిందని వెనక్కి వెళ్ళడం వేరు, మాట చెడిందని వెళ్ళడం వేరు, రెండో దారిలో ఏముందో చూద్దామన్న కుతూహలంతో వెళ్ళడం వేరు. మొదటిది నేనూ మానుకున్నాను, ఎందుకంటే ఓడిన పాచిక వెనక కూడా రచయితలు కథ రాసి ఉంచుతారు, అది చదవకుండా పోతే నష్టం మనకే. మూడోదాన్ని మాత్రం నేను చదువు అంటాను. ఒక పద్యానికి రెండు పాఠాంతరాలు ఉంటే రెండూ చూస్తాం కదా, ఇదీ అంతే.

మీ పద్ధతికి సరిపోయే ఆటలు కావాలంటే ఉన్నాయి. బాల్డర్స్ గేట్ 3లోనే 2023 నవంబరు చివర ఆనర్ మోడ్ చేర్చారు, అందులో ఒకటే సేవ్ ఉంటుంది. 2011లో వచ్చిన డార్క్ సోల్స్ మీరు చేసిన ప్రతి పనినీ తనంతట తానే సేవ్ చేసుకుంటూ పోతుంది, పాత చోటికి తిరిగే దారి ఇవ్వదు. 2019లో ఎస్టోనియా రచయితల బృందం తయారుచేసిన డిస్కో ఎలీసియం నాకు అన్నిటికంటే ఇష్టం. అందులో కత్తియుద్ధాలు ఉండవు, అంతా మాటల మీదనే నడుస్తుంది. పరీక్షలు రెండు రంగుల్లో ఉంటాయి. తెల్లదానిలో ఓడితే ఆ నైపుణ్యాన్ని పెంచుకొని వచ్చి మళ్ళీ ప్రయత్నించవచ్చు, ఎర్రదానికి ఒకటే అవకాశం. నిత్యజీవితంలో కూడా మాటలు ఈ రెండు రకాలుగానే ఉంటాయేమో ఆలోచించండి. మీ పెద్దాయనతో జరిగినది ఎర్రదని మీరు అనుకుంటున్నారు. తెల్లది కావచ్చు గదా?


బురుజునీడ (కర్నూలు)
ఆదివారం, ఉదయం 7:20

నాకు ఈ నియమాన్ని మనుషులు నేర్పలేదు, తుంగభద్ర నేర్పింది.

అప్పట్లో మేము పాత ఊళ్ళో ఉండేవాళ్ళం. డిగ్రీ చదువుతూ ఆబ్లివియన్ అనే ఆట ఆడేవాణ్ణి, 2006లో బెథెస్డా సంస్థ తెచ్చినది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక పది నిమిషాలకోసారి సేవ్ చేయడం అలవాటు. రెండేళ్ళలో పేరుపేరునా అరవై దాకా సేవ్ ఫైళ్ళు కూడబెట్టాను, ఏ మలుపు దగ్గరికి కావాలంటే ఆ మలుపు దగ్గరికి తిరిగి వెళ్ళగలనన్న ధీమా ఉండేది. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి ఊళ్ళోకి వచ్చాయి. మేము రెండు రాత్రులు మిద్దె మీద ఉన్నాం. కిందికి దిగేసరికి కంప్యూటర్ పెట్టె నిండా ఒండ్రుమట్టి, లోపలి పంకా రెక్కల మధ్య తడిసిన వరిపొట్టు. ఇంట్లో బియ్యం డ్రమ్ము, అమ్మ పెళ్ళిచీర, నాన్న ఉద్యోగం కాగితాలు పోయిన చోట నా ఆట గురించి అడిగే నోరు నాకు లేదు, అడగలేదు కూడా. ఆరు నెలల తరువాత ఒక రాత్రి హఠాత్తుగా ఆ పాత్ర పేరు గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఒక్క సేవ్‌తోనే ఆడతాను. పోయేది పోతుంది.


నిర్వాహకులు
ఆదివారం, ఉదయం 8:05

చర్చ బాగుంది. ఆటల ముగింపులు రాసేవారు మొదటి సభ్యుని మాదిరి ముందుగా ఒక వాక్యం హెచ్చరిక పెట్టవలసిందిగా మనవి.


రాత్రిడ్యూటీ (కడప)
ఆదివారం, మధ్యాహ్నం 3:40

నిద్ర లేచి ఇప్పుడే ఇవన్నీ చదివాను. విత్తనాలంగడి అన్నగారి మాటలు మనసుకు తగిలాయి. అయినా నేను అవతలి పక్షాన నిలబడి మాట్లాడాలి.

నేను స్టాఫ్ నర్సును. వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ. ఇంజెక్షన్ ఎక్కించే ముందు కేస్ షీటులో మోతాదు రెండుసార్లు చదువుతాను, తరువాత పక్క సిస్టరుతో ఒకసారి పైకి చదివించుకుంటాను, ఆ తరువాత రోగిని ఆమె పేరు ఆమె నోటితోనే చెప్పమంటాను. సగం నిద్రలో లేచి చిరాకుపడేవాళ్ళూ ఉంటారు. అయినా అడుగుతాను. సూది దిగిన తరువాత వెనక్కి వెళ్ళే దారి మాకు లేదు. పన్నెండు గంటలపాటు ప్రతి పనీ ఎర్రరంగు పరీక్షే అయిన మనిషికి, తెల్లవారుజామున మూడు గంటలకు దొరికే పావుగంటలో కూడా అదే బరువు మోయమంటే ఎలా?

నేను ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ, ఫోనులోనే. 2016లో వచ్చిన ఆ ఆటను ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషే బొమ్మలు, సంగీతం, రాత అన్నీ తానై తయారుచేశాడు. అందులో ఒక రోజంటే మనకు దాదాపు పద్నాలుగు నిమిషాలు, సరిగ్గా నా టీ విరామమంత. మామూలుగా ఆట సేవ్ అయ్యేది మన పాత్ర రాత్రి పడుకున్నప్పుడే. కాబట్టి ఆ రోజు ఏదైనా చెడితే పడుకోకుండా ఆట మూసేసి, మళ్ళీ తెరిస్తే అదే ఉదయం, అదే ఆరు గంటలు. ఒకసారి ఊళ్ళోని ఒకామెకు పుట్టినరోజున పొరపాటున ఆమెకు గిట్టని వస్తువు ఇచ్చాను. ఆమె ముఖం చిన్నబోయింది. నేను వెంటనే ఆట మూసి, ఆ ఉదయాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ఆమెకు నచ్చినది ఇచ్చాను. ఆ రోజు వార్డులో ఏం జరిగిందో ఇక్కడ రాయలేను. ఒక ఉదయాన్ని మళ్ళీ మొదలుపెట్టగలిగినందుకు నాకు కలిగిన ఊరటను మోసం అంటే మాత్రం నేను ఒప్పుకోను.


చెనక్కాయచేను (అనంతపురం జిల్లా)
ఆదివారం, రాత్రి 9:15

అక్కా, మీరు చెప్పిన ఆటే నేను మా నాయన పక్కన కూర్చొని ఆడాను, అందుకే రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం వైపు, వర్షాధారం మీద వేరుశనగ వేస్తాం. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ పడవలసిన రోజున పడదు. జూన్, జూలైలలో పదును చూసి విత్తనం వేసిన తరువాత నెల రోజులు ఆకాశం మొగం చాటేస్తే, వేసినది వేసినట్టే పోతుంది. విత్తనాన్ని మళ్ళీ ఏరుకోలేం. మా నాయన జీవితం మొత్తంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఏడాదికి ఒక్కటి, ఆ ఒక్క ఉదయం తీసుకున్నవే. గొర్రు కట్టాలా, ఇంకో వాన కోసం ఆగాలా అని తెల్లవారకముందే లేచి, చేలో మట్టి పిడికిట్లో పట్టి బిగించి, వేళ్ళు విప్పి చూసేవారు. ముద్ద నిలిస్తే ఒకటి, రాలితే ఒకటి.

పోయిన వేసవిలో సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఫోనులో ఆ ఆట ఆడుతుంటే ఆయన మంచం మీద నుంచి వంగి చూశారు.

"ఏం పంట అది?"

"ఒక రకం ముల్లంగి లాంటిది నాయనా, నాలుగు రోజుల్లో చేతికొస్తుంది."

"వాన రాకపోతే?"

"రోజూ మనమే నీళ్ళు పోయాలి. చెరువులో ఎప్పుడూ ఉంటాయి."

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ధర ముందే తెలుస్తుందా?" అన్నారు. తెలుస్తుందన్నాను. "అట్లయితే మంచి ఊరే. ఆడుకో" అన్నారు. ఆ తరువాత రోజూ రాత్రి సంగటి తిన్నాక, "ఈ పొద్దు ఏమేసినావు?" అని అడిగేవారు. ఊరికి తిరిగి వచ్చాక ఫోను చేసినప్పుడు కూడా అదే అడుగుతారు. నేను డిగ్రీ అయినప్పటినుంచి మేమిద్దరం ఇంతసేపు మాట్లాడుకున్నది లేదు.

కాబట్టి అన్నగారూ, వెనక్కి వెళ్ళలేని బతుకు బతికినవాళ్ళకు వెనక్కి వెళ్ళే ఆట చూస్తే ఎగతాళిగా తోస్తుందని నేను భయపడ్డాను. మా నాయనకు అలా తోచలేదు.


పలకాబలపం (ప్రొద్దుటూరు)
సోమవారం, సాయంత్రం 6:30

నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. ఆటలు స్వయంగా ఆడేది తక్కువే, మా అబ్బాయి ఆడుతుంటే పక్కన కూర్చొని చూసినది ఎక్కువ. అయినా ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ తాకని విషయం ఒకటి నాకు కనిపిస్తున్నది.

వెనక్కి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నకంటే ముందు, ఆ ఆటలు మంచి మాటకు లెక్క కట్టే తీరును పట్టించుకోవాలి. మా అబ్బాయి ఆడే పర్సోనా 5 అనే జపాను ఆటలో దయ అనేది ఒక గుణం, దానికి ఐదు మెట్లు ఉంటాయి. మొక్కకు ఎరువు వేస్తే దయ పెరుగుతుంది. ఫలానా మెట్టుకు చేరితే గాని ఫలానా మనిషి మనతో స్నేహం చేయదు. స్నేహితుడు బాధ చెప్పుకుంటున్నప్పుడు సరైన బదులు ఎంచుకుంటే తెరమీద సంగీత స్వరాల గుర్తులు ఎగురుతాయి, అంటే అతడికి నచ్చిందని అర్థం. మా అబ్బాయి ఆ బదుళ్ళన్నీ ముందే వెతికి కాగితం మీద రాసుకొని ఆడుతుంటే, "నీ మనసుకు ఏం తోచింది?" అని అడిగాను. వాడు నిజంగానే ఆలోచించి, "నాకేం తోచిందో నేను చూసుకోలేదమ్మా" అన్నాడు. వాడు నిజాయితీగా చెప్పినందుకు సంతోషించాను, ఆ మాటకు దిగులూ పడ్డాను.

అంగడి నడిపే అన్నగారికి నా మనవి ఇది. మీ ఆటలో కష్టంలో ఉన్న మనిషి ఎక్కడున్నదీ పసుపురంగు ఆశ్చర్యార్థకంతో పటం మీద చూపిస్తారు, మా అబ్బాయి చూపించాడు. మీ అంగడికి వచ్చిన పెద్దాయన తలమీద అలాంటి గుర్తు లేదు. మాట పూర్తయ్యేదాకా వినడం మంచి అలవాటే, కానీ ఆ రోజు ఆయన మాట పూర్తి చేసి ఉన్నా బాకీ సంగతి నోటితో అనేవారు కాదేమో. పత్తికాయ వంకతో బాకీ మాట ఎత్తే మనిషి, మనం ముందుగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పిల్లలు ఎట్లున్నారని అడిగితే గాని అసలు సంగతికి రాడు. ఆ ఎంపికలు ఏ తెరమీదా కనిపించవు, మనకు మనమే కల్పించుకోవాలి.

ఇక వెనక్కి వెళ్ళడం గురించి. ధర్మరాజు మొదటి జూదంలో సర్వస్వం ఓడిపోయాడు. ద్రౌపదికి వరాలిచ్చి ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేశాడు, అంటే మీ మాటల్లో పాత సేవ్ దొరికింది. ఇంద్రప్రస్థానికి బయలుదేరినవాణ్ణి దారిలోనే మళ్ళీ పిలిస్తే వెనుదిరిగి వచ్చి, అదే శకునితో, అదే పాచికలతో కూర్చున్నాడు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆట ఫలితమే. వెనక్కి వెళ్ళే వీలు దొరికినంత మాత్రాన మనిషి వేరుగా నడుచుకుంటాడన్న భరోసా లేదని నేను పిల్లలకు ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా అంటుంటాను.


గడియారస్తంభం (అనంతపురం)
సోమవారం, రాత్రి 8:02

మేడమ్ గారూ, మీరు చెప్పిన లోపం నిజం. దానికి జవాబుగానే తయారైన ఆట ఒకటి ఉంది. 2015లో టోబీ ఫాక్స్ తెచ్చిన అండర్‌టేల్. అందులో ఎవరినీ చంపకుండా చివరిదాకా వెళ్ళవచ్చు. (కథ కొంత చెబుతున్నాను.) మొదట్లో మనకు అమ్మలా ఆశ్రయమిచ్చే ఒక పాత్ర దారికి అడ్డం నిలుస్తుంది, తెలియక చాలామంది ఆమెను చంపేస్తారు. బాధపడి పాత సేవ్ తెరిచి, ఈసారి ప్రాణం తీయకుండా దాటి వెళ్తే, బయట ఒక పువ్వు ఎదురై, నువ్వు ముందు ఏం చేశావో, ఎందుకు వెనక్కి వచ్చావో నాకు తెలుసంటుంది. నేను మొదటిసారి అది చదివినప్పుడు కుర్చీలో వెనక్కి ఒరిగిపోయాను. లోకం మరిచిపోయినా ఒకరు గుర్తుపెట్టుకున్నారు.

నా వాదన కొద్దిగా మార్చుకుంటున్నాను. కుతూహలంతో వెనక్కి వెళ్ళడం చదువే, కానీ ముందు చేసినది చేయనట్టు కాదు.


విత్తనాలంగడి (కర్నూలు)
సోమవారం, రాత్రి 10:45

అందరి మాటలూ నిదానంగా చదివాను. ఉపాధ్యాయురాలు గారు చెప్పిన తరువాత ఆటలో సెట్టింగులు తెరిచి, మూలనుండే చిన్న పటాన్ని, దానితోపాటు గుర్తులను తీసేశాను. ఇందాక ఒక ఊళ్ళోకి వెళితే ఎవరు కష్టంలో ఉన్నారో తెలియలేదు. నలభై నిమిషాలూ వీధుల్లో తిరుగుతూ జనం తమలో తాము అనుకునే మాటలు వింటూ గడిపాను. కథ ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు, అయినా ఇన్ని నెలల్లో అంత నిండుగా గడిచిన రాత్రి మరొకటి లేదు.

రాత్రిడ్యూటీ అమ్మా, మీరు రాసినది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ కట్టుబాటు నా కోసం పెట్టుకున్నదే గాని అందరికీ వర్తింపజేసే హక్కు నాకు లేదు. పొద్దంతా తొందరపడి మాట్లాడే మనిషికి ఆగడం అవసరం. పొద్దంతా ఆగి ఆగి పనిచేసే మనిషికి వేరేది అవసరం.


సూత్రధారి (కడప)
మంగళవారం, రాత్రి 9:30

ఈ చర్చ అంతా తెర ముందు ఒంటరిగా ఆడే ఆటల గురించే సాగుతున్నది. రోల్ ప్లేయింగ్ అనేది పుట్టింది తెరమీద కాదు, బల్ల చుట్టూ. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించారు. ఒకరు లోకాన్ని నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి మాటలతోనే ఆడతారు, సందేహం వచ్చిన చోట పాచిక తీరుస్తుంది. నడిపే మనిషికి ఇంగ్లీషులో ఉన్న పేరు మాకు నచ్చక సూత్రధారి అంటున్నాం. మన జిల్లా సురభి గ్రామంలోనే 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధతో నాటక సమాజాన్ని మొదలుపెట్టారు, కుటుంబాలకు కుటుంబాలే పాత్రలు కట్టి ఇంతకాలం నడిపించాయి. పాత్రలోకి వెళ్ళి రావడం ఈ నేలకు కొత్త విద్య కాదు.

మేము నలుగురం, ఆదివారాలు మా మిద్దె మీద తెలుగులో ఆడతాం. కథాస్థలం గండికోట. పెన్న లోయ అంచున కోట, లోపల ధాన్యాగారం, జుమ్మా మసీదు, మాధవరాయ ఆలయం అందరం చూసినవే కనుక వర్ణన మీద ఎక్కువసేపు పట్టదు. కరువు సంవత్సరం, ధాన్యాగారం తలుపు దగ్గర కాపలావాడు, గింజల కోసం వచ్చిన ఊరివాళ్ళు. కాపలావాడి వేషం మా మిత్రుడిది. బ్యాంకులో పని చేస్తాడు, నెమ్మదస్తుడు, బయట పది మాటలకు ఒక మాట బదులిస్తాడు. ఆ రోజు మాలో ఒకరు ఊరి పెద్ద పాత్రలో ఉండి, ఆవేశంలో "నీ బిడ్డ తిన్న బువ్వ మా చేలదిరా" అనేశాడు. అందరం నిశ్శబ్దమైపోయాం. అన్నవాడే నా వైపు తిరిగి, "అది అనలేదనుకోవచ్చా?" అని అడిగాడు. నేను కాపలావాడి వైపు చూశాను. ఆయన చేతిలో పాచికను అటూ ఇటూ దొర్లిస్తూ, "వద్దు, అన్నాడు కదా, ఉండనీ" అని, లేచి నిలబడి, తాళంచెవి చూపిస్తున్నట్టు అరచెయ్యి చాచి, పది నిమిషాలపాటు మాట్లాడాడు. ఆయన అంతసేపు మాట్లాడగా మేమెన్నడూ వినలేదు.

కానీ మరో ఆదివారం కథలో ఒక ముసలితండ్రి మరణం వచ్చినప్పుడు ఒక మిత్రుడి ముఖం మారిపోయింది. వాళ్ళ నాయన పోయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదన్న సంగతి నేను మరిచాను. అక్కడ ఆపి, ఆ సన్నివేశమే జరగలేదని అందరం ఒప్పుకొని, గంట వెనక్కి వెళ్ళి, కోట గుమ్మం దగ్గర నుంచి మళ్ళీ ఆడాం. అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి ఏర్పడింది. మాట అన్నవాడు వెనక్కి వెళ్ళమని అడిగితే వెళ్ళం. ఆ మాట తగిలినవాడు అడిగితే కారణం చెప్పమనకుండా వెళ్తాం.


రాత్రిడ్యూటీ (కడప)
బుధవారం, ఉదయం 8:50

డ్యూటీ దిగి బస్సులో కూర్చొని చదివాను. తగిలినవాడు అడిగితే వెళ్తాం అన్న మాటను ఇద్దరు సిస్టర్లకు చదివి వినిపించాను. ఆడవాళ్ళు కూడా రావచ్చా మీ ఆటకు?


విత్తనాలంగడి (కర్నూలు)
పదిహేను రోజుల తరువాత, గురువారం, రాత్రి 10:30

కొంత ఆలస్యంగా రాస్తున్నాను, విత్తనాల సరుకు దిగే రోజులు. మొన్న పని మీద కోడుమూరు వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర ఆ పెద్దాయన కనిపించారు. టీ తాగుదాం రమ్మన్నాను, వచ్చారు. బాకీ మాట నేనే ఎత్తి, సంక్రాంతి దాకా తొందర లేదని చెప్పాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. తల ఆడించి, ఉల్లిగడ్డ ధర పడిపోయిన సంగతి మొదలుపెట్టారు. బస్సు వచ్చేదాకా, దాదాపు అరగంట, విన్నాను. మధ్యలో రెండుసార్లు నాకు తెలిసిన సలహా నాలుక చివరికి వచ్చింది, చెప్పలేదు. ఆయన మళ్ళీ అంగడికి వస్తారో లేదో తెలియదు, ఇంకా రాలేదు. అనంతపురం తమ్ముడు అడిగినట్టు అది తెల్లదా ఎర్రదా అన్నది ఆయన చేతిలో ఉంది.

ఆటలో ఆ దొర కోట వైపు మళ్ళీ వెళ్ళాను. దొర లేడు. పాత సేవ్ ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది, తుడిచేయలేదు.

సూత్రధారి గారూ, ఒక ఆదివారం అంగడి మూసి కడప రాగలను. కొత్తవాడికి చోటు ఉంటుందా?


సూత్రధారి (కడప)
గురువారం, రాత్రి 11:05

తప్పకుండా రండి. ఆడవాళ్ళు రావచ్చా అని అడగవలసిన పనే లేదు, రాత్రిడ్యూటీ గారు పోయిన ఆదివారమే వచ్చి ఆడారు. కోటలో మంత్రసాని పాత్ర ఆమెది. మీరు కర్నూలులో తెల్లవారుజామున నంద్యాల మీదుగా వచ్చే బస్సు ఎక్కితే పదిన్నరకల్లా మా మిద్దె మీద ఉంటారు. మధ్యాహ్నం భోజనం ఇక్కడే, మా అమ్మ సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేస్తానంది. నియమాలు చదువుకొని రావలసిన అవసరం లేదు. ధాన్యాగారం దగ్గర గింజల కోసం నిలబడిన ఊరివాళ్ళలో ఒకరికి ఇంకా పేరు పెట్టలేదు, మీరు ఒక పేరు ఆలోచించుకొని వస్తే చాలు.


విత్తనాలంగడి (కర్నూలు)
గురువారం, రాత్రి 11:12

పేరు ఉంది. అతడి తువాలు కొసలో ఒక పత్తికాయ కూడా ఉంటుంది.